పదహారు నిమిషాల సినిమా కోసం సుప్రీంకోర్టు దాకా: ఖ్వాజా అహ్మద్ అబ్బాస్ జీవితం

షామీర్‌పేటలోని నల్సార్ లా యూనివర్సిటీలో కానివ్వండి, దేశంలోని మరే లా కాలేజీలో కానివ్వండి, సినిమా సెన్సార్ గురించి పాఠం మొదలైతే ఒక కేసు పేరు తప్పకుండా వస్తుంది. అది కె.ఏ. అబ్బాస్ వర్సెస్ యూనియన్ ఆఫ్ ఇండియా. 1970 సెప్టెంబర్ 24న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు అది. కేసు వేసిన మనిషి పెద్ద కంపెనీ ఓనర్ కాదు, రాజకీయ నాయకుడూ కాదు. పానిపట్‌లో పుట్టి, అలీగఢ్‌లో చదివి, బొంబాయిలో కలం పట్టి బతికిన ఒక ఉర్దూ రచయిత. ఆయన పేరు ఖ్వాజా అహ్మద్ అబ్బాస్.

ఇళ్లల్లో పెద్దవాళ్లకు ఈ పేరు వేరే రకంగా తెలుసు. రాజ్ కపూర్ ‘ఆవారా’, ‘శ్రీ 420’, ‘బాబీ’ సినిమాల రచనలో చేయి ఉన్నది ఆయనదే. అమితాబ్ బచ్చన్‌కు మొదటి సినిమా వేషం ఇచ్చింది కూడా ఆయనే. కానీ ఆయన జీవితంలో అన్నిటికంటే పెద్ద పోరాటం ఈ పేరున్న సినిమాల కోసం జరగలేదు. పదహారు నిమిషాల ఒక బ్లాక్ అండ్ వైట్ డాక్యుమెంటరీ కోసం జరిగింది. తాను చూపించింది నిజమైనప్పుడు, అందులోంచి ఒక ముక్క కోసేయమని అడిగే హక్కు ప్రభుత్వానికి ఎక్కడిది అన్నదే ఆ గొడవ అంతా.

హాలీ కుటుంబం నుంచి

అబ్బాస్ 1914 జూన్ 7న పానిపట్‌లో పుట్టారు. ఇప్పుడు అది హర్యానాలో ఉంది. ఉర్దూ సాహిత్యం తెలిసిన ఎవరికైనా పానిపట్ అంటే మౌలానా అల్తాఫ్ హుసేన్ హాలీ గుర్తుకొస్తారు. మీర్జా గాలిబ్ శిష్యుడు, ‘ముసద్దస్’ రాసి ఖౌమ్‌ను తట్టి లేపినవాడు. అబ్బాస్ ఆ కుటుంబంలోని పిల్లవాడే. అబ్బాస్ పుట్టిన సంవత్సరమే హాలీ కన్నుమూశారు. ముఖస్తుతి కవిత్వం వదిలేసి, సమాజం తన మొహం తాను అద్దంలో చూసుకునేలా రాయాలని హాలీ తపించారు. ఆ తపన అబ్బాస్‌కు వారసత్వంగా వచ్చింది.

పానిపట్‌లో హాలీ పేరున్న ముస్లిం హైస్కూల్లోనే ఆయన చదువు సాగింది. చిన్నప్పుడే ఖురాన్ చదివారు. తర్వాత అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీకి వెళ్లి 1933లో బి.ఏ., 1935లో ఎల్‌ఎల్‌.బి. పూర్తి చేశారు. లా చదివారు కాబట్టి వకీలు అవుతాడని ఇంట్లోవాళ్లు అనుకోవడం సహజం. కానీ అలీగఢ్‌లో ఉండగానే ఆయన మనసు పేపర్ల మీదకు పోయింది. విద్యార్థిగానే ‘అలీగఢ్ ఒపీనియన్’ అనే వారపత్రిక నడిపారు. లా పట్టా చేతికొచ్చిన ఏడాదే బొంబాయి వెళ్లి ‘బాంబే క్రానికల్’ పత్రికలో చేరారు. వకీలుగా ఎప్పుడూ కోర్టు మెట్లెక్కని ఆ మనిషి, ముప్పై అయిదేళ్ల తర్వాత తన సొంత కేసుతో దేశంలోని అత్యున్నత న్యాయస్థానానికి వెళ్లారు.

కలం నుంచి కెమెరాకు

‘బాంబే క్రానికల్’ అప్పట్లో జాతీయోద్యమ పక్షాన నిలిచిన పత్రిక. అబ్బాస్ అందులో వార్తలూ రాశారు, సినిమాల రివ్యూలూ రాశారు. అక్కడే ‘లాస్ట్ పేజ్’ అనే కాలమ్ మొదలుపెట్టారు. 1947లో అది ‘బ్లిట్జ్’ వారపత్రికకు మారింది. ఉర్దూ బ్లిట్జ్‌లో అదే ‘ఆజాద్ కలమ్’ పేరుతో వచ్చేది. చనిపోయేదాకా, అంటే నాలుగు దశాబ్దాలకు పైగా ఆయన ఆ కాలమ్ ఆపలేదు. భారతదేశ పత్రికల చరిత్రలో అంతకాలం నడిచిన కాలమ్‌లు చాలా అరుదు.

రివ్యూలు రాసే మనిషి కథలు కూడా రాయడం మొదలుపెట్టారు. బాంబే టాకీస్ సంస్థకు కొంతకాలం పబ్లిసిటీ పని చేశారు. ఆ సంస్థకే మొదటి సినిమా కథ అమ్మారు. అది 1941లో వచ్చిన ‘నయా సంసార్’. నిజం రాయాలా, యజమాని చెప్పినట్టు రాయాలా అని నలిగిపోయే పత్రికా ప్రపంచమే ఆ సినిమా కథ. మొదటి కథలో పట్టుకున్న ఈ ప్రశ్నను అబ్బాస్ ఆ తర్వాత ఎప్పుడూ వదిలిపెట్టలేదు.

1943లో బెంగాల్ కరువు వచ్చింది. లక్షల మంది అన్నం లేక రోడ్ల మీద చనిపోయారు. కలకత్తా హోటళ్లలో విందులు మాత్రం ఆగలేదు. అదే సంవత్సరం ఇండియన్ పీపుల్స్ థియేటర్ అసోసియేషన్, అంటే ఇప్టా, ఏర్పడింది. ఆంధ్ర దేశంలో ప్రజా నాట్యమండలి చేసిన పనిని దేశమంతటా చేసిన సంస్థ అది. ఇప్టా మనుషులతోనే అబ్బాస్ 1946లో ‘ధర్తీ కే లాల్’ తీశారు. డైరెక్టర్‌గా ఆయనకు అదే మొదటి సినిమా. భూమి పోగొట్టుకుని, తిండి కోసం కలకత్తాకు నడిచి వచ్చిన రైతు కుటుంబం కథ. బిజన్ భట్టాచార్య నాటకాలు, కృష్ణ చందర్ కథ దానికి ఆధారం. కథగా తీసినా, చూసినవాళ్లకు అది కరువు రికార్డులాగే అనిపించింది.

అదే ఏడాది చేతన్ ఆనంద్ తీసిన ‘నీచా నగర్’ రచనలోనూ అబ్బాస్ ఉన్నారు. పై ఊళ్లో ఉండే ధనవంతుడు తన మురుగునీటిని కింద ఊరి పేదల మీదకు వదులుతాడు. ఆ సినిమాకు 1946 కాన్ చిత్రోత్సవంలో అత్యున్నత బహుమతి దక్కిన సినిమాల జాబితాలో చోటు దొరికింది. ఒకే నగరంలో రెండు నగరాలు ఉంటాయని, ఒకరి సుఖానికి ఖర్చు ఇంకొకరు కడతారని చెప్పడం అబ్బాస్‌కు అప్పటినుంచే అలవాటు.

రెండు వైపుల నుంచీ రాళ్లు

దేశ విభజన జరిగినప్పుడు పానిపట్ ముస్లింలలో చాలామంది పాకిస్తాన్‌కు వెళ్లిపోయారు. తరతరాల ఇళ్లు, హాలీ తిరిగిన వీధులు ఖాళీ అయ్యాయి. అబ్బాస్ మాత్రం ఇక్కడే ఉండిపోయారు. ఆ గాయం మీద ఆయన ‘సర్దార్జీ’ అనే కథ రాశారు. సిక్కులంటే చులకనగా మాట్లాడే ఒక ముస్లిం ఆ కథ చెబుతాడు. చివరికి అతని ప్రాణం కాపాడి తన ప్రాణం వదిలేది ఒక సిక్కు పొరుగువాడు. కథ మొత్తం చదివితే అది సొంత మనసులోని విద్వేషాన్ని బయటపెట్టుకునే కథ అని తెలుస్తుంది. మొదటి పేజీలు మాత్రమే చదివినవాళ్లకు సిక్కులను తిట్టిన కథలాగా కనిపించింది. నిరసనలు వచ్చాయి, వ్యవహారం కోర్టు కేసు దాకా పోయింది.

ఒక ముక్క కోసి చూపిస్తే నిజం ఎలా తలకిందులవుతుందో అబ్బాస్‌కు అప్పుడే అనుభవమైంది. తర్వాత సెన్సార్ వాళ్లు తన సినిమాలో ఒక ముక్క కోయమన్నప్పుడు ఆయన అంత మొండిగా నిలబడటానికి ఈ అనుభవం కూడా బలం ఇచ్చి ఉంటుంది.

రెండు రకాల సినిమాలు

అబ్బాస్ సినిమా జీవితంలో రెండు దారులు పక్కపక్కనే నడిచాయి. రాజ్ కపూర్ కోసం రాసిన సినిమాలు కోట్ల మంది చూశారు. 1951లో వచ్చిన ‘ఆవారా’ రష్యా నుంచి టర్కీ దాకా వెళ్లింది. అదే సంవత్సరం ఆయన ‘నయా సంసార్’ పేరుతోనే సొంత సంస్థ పెట్టుకున్నారు. ఆ సంస్థలో తీసినవి వేరే రకం సినిమాలు. 1954లో పాటలే లేకుండా ‘మున్నా’ తీశారు. హిందీ సినిమాలో అప్పట్లో అది పెద్ద సాహసం.

1963లో ‘షెహర్ ఔర్ సప్నా’ తీశారు. బొంబాయిలో ఇల్లు దొరక్క, డ్రైనేజీ కోసం తెచ్చి పడేసిన పెద్ద పైపులో కాపురం పెట్టిన జంట కథ అది. దానికి ఉత్తమ చిత్రంగా రాష్ట్రపతి స్వర్ణ పతకం వచ్చింది. పతకాలు వచ్చాయి కానీ, సొంత సినిమాల్లో చాలా వాటికి డబ్బులు రాలేదు. పెద్ద సినిమాలకు రాసి సంపాదించింది చిన్న సినిమాల్లో పెట్టడం, మళ్లీ అప్పుల్లో పడటం, మళ్లీ రాయడం. ఆయన జీవితమంతా ఇలాగే గడిచింది. మార్కెట్‌కు నచ్చేది ఒకచోట రాసి, తనకు నిజమనిపించింది ఇంకొకచోట తీయడం రెండు పడవల ప్రయాణం కాదా అని అడిగినవాళ్లూ ఉన్నారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. కాకపోతే మొదటి పడవలో సంపాదించింది ఆయన రెండో పడవకే ఖర్చు పెట్టారన్నది కూడా అంతే నిజం.

పనిలో ఆయన ఇమాన్‌దారీ గురించి అమితాబ్ బచ్చన్ వచ్చినప్పటి సంగతి సినిమా లోకంలో బాగా ప్రసిద్ధం. ‘సాత్ హిందుస్తానీ’ సినిమా కోసం వచ్చిన ఆ పొడుగాటి కుర్రవాడిని అయిదు వేల రూపాయలకు తీసుకున్నారు. కాంట్రాక్టు రాయించేటప్పుడు తండ్రి పేరు అడిగారు. ప్రసిద్ధ హిందీ కవి హరివంశ్ రాయ్ బచ్చన్ అని తెలిసింది. కుర్రవాడు ఇంట్లో చెప్పకుండా పారిపోయి వచ్చాడేమో అన్న అనుమానంతో అబ్బాస్ అక్కడే ఆగిపోయారు. తండ్రికి కబురు పంపి, ఆయన అంగీకారం వచ్చాకే సంతకం చేయించారు.

1969 నవంబర్‌లో విడుదలైన ‘సాత్ హిందుస్తానీ’ గోవా విముక్తి పోరాటం మీద తీసిన సినిమా. నటుల ఎంపికలో అబ్బాస్ ఒక పని కావాలనే చేశారు. ఏ ప్రాంతం నటుడికి ఆ ప్రాంతం పాత్ర ఇవ్వలేదు. బెంగాలీ నటుడు ఉత్పల్ దత్ పంజాబీ అయ్యారు. మలయాళ నటుడు మధు బెంగాలీ అయ్యారు. అమితాబ్ బిహార్‌కు చెందిన అన్వర్ అలీ అనే ముస్లిం కవి వేషం వేశారు. మనిషి మొహం చూసి కులం, మతం, ప్రాంతం చెప్పేయగలమనుకునే అలవాటుకు అది ఆయన ఇచ్చిన జవాబు. జాతీయ సమైక్యతపై ఉత్తమ చిత్రంగా ఆ సినిమాకు జాతీయ అవార్డు వచ్చింది. 1969లోనే కేంద్ర ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. మరుసటి ఏడాదే ఆయన అదే ప్రభుత్వం మీద కేసుతో కోర్టులో నిలబడ్డారు.

నాలుగు నగరాలు, ఒక కథ

ఆ రోజుల్లో డాక్యుమెంటరీ అంటే ప్రజలకు తెలిసింది ఒకటే. 1948లో ప్రభుత్వం పెట్టిన ఫిల్మ్స్ డివిజన్ న్యూస్ రీళ్లు, లఘు చిత్రాలు. ఏ ఊరి టాకీసులోనైనా అసలు సినిమాకు ముందు అవి వేసి తీరాలి. కొత్త డ్యాములు, కొత్త ఫ్యాక్టరీలు, మంత్రుల ప్రారంభోత్సవాలు తెర మీద నడిచేవి. వెనకాల ఒక గంభీరమైన గొంతు అంతా బాగుందని చెప్పేది. ఫిల్మ్స్ డివిజన్‌లో కూడా 1967 ప్రాంతంలో ‘ఇండియా 67’, ‘ఐ యామ్ 20’ లాంటి ధైర్యమైన సినిమాలు వచ్చిన మాట వాస్తవం. కానీ మొత్తం మీద కెమెరా ప్రభుత్వం చేతిలో ఉండేది. ఏది దేశానికి మొహమో, ఏది దాచాల్సిన మచ్చో ప్రభుత్వమే నిర్ణయించేది.

అబ్బాస్ తన డాక్యుమెంటరీకి ‘ఎ టేల్ ఆఫ్ ఫోర్ సిటీస్’ అని పేరు పెట్టారు. హిందీలో ‘చార్ షహర్ ఏక్ కహానీ’. కలకత్తా, బొంబాయి, మద్రాసు, ఢిల్లీ. ఈ నాలుగు నగరాల్లో డబ్బున్నవాళ్ల విలాసం ఒకవైపు, ఆ నగరాలను తమ చేతులతో కట్టిన కూలీల బతుకు మరోవైపు పక్కపక్కనే చూపించారు. సినిమాలో మాటలు లేవు. పని చేస్తూ కూలీలు పాడుకునే ఒక పాట, కొంత నేపథ్య సంగీతం, కొన్ని శబ్దాలు, అంతే. వెనకాల ఏ గంభీరమైన గొంతూ లేదు. ఏమనుకోవాలో ప్రేక్షకుడికి చెప్పేవాడు లేడు.

ఇందులో బొంబాయి రెడ్‌లైట్ ఏరియాను చూపించిన కొద్దిసేపటి దృశ్యాలు కూడా ఉన్నాయి. గుమ్మాల దగ్గర, కిటికీల దగ్గర నిలబడిన ఆడవాళ్లు, చేతులు మారే డబ్బు. ఆకలి మనిషిని ఎంత దూరం తీసుకెళ్తుందో చెప్పే భాగం అది. సెన్సార్ బోర్డు అక్కడే పట్టుకుంది. అందరూ చూడదగ్గ ‘యు’ సర్టిఫికెట్ ఇవ్వడం కుదరదని, పెద్దలకు మాత్రమే అనే ‘ఎ’ సర్టిఫికెట్ ఇస్తామని చెప్పింది. రివైజింగ్ కమిటీ కూడా అదే అంది. అబ్బాస్ కేంద్ర ప్రభుత్వానికి అప్పీలు చేసుకున్నారు. ఆ రెడ్‌లైట్ ఏరియా దృశ్యాలు కోసేస్తే ‘యు’ ఇస్తామని 1970 జూలైలో ప్రభుత్వం జవాబిచ్చింది.

పైకి చూస్తే ఇది చిన్న బేరం. పదహారు నిమిషాల్లో కొద్దిసేపు పోతే మిగతాది అందరూ చూస్తారు. చాలామంది ఒప్పుకునేవారే. అబ్బాస్ ఒప్పుకోలేదు. ఆ ముక్క తీసేస్తే నగరంలో పేదరికం ఉందని మాత్రమే తెలుస్తుంది. ఆ పేదరికం ఆడవాళ్ల చేత ఏం చేయిస్తోందో తెలియదు. మిగిలిన సినిమాలో ఒక్క అబద్ధం ఉండదు. అయినా మొత్తం సినిమా సగం నిజంగా మిగులుతుంది. సగం నిజాన్ని మొత్తం నిజమని జనానికి చూపించడం డాక్యుమెంటరీ తీసేవాడు చేయకూడని పని అన్నది ఆయన పట్టుదల.

గెలుపు చేతికొచ్చినా ఆగలేదు

అబ్బాస్ రాజ్యాంగంలోని 32వ అధికరణం కింద నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్లారు. 19వ అధికరణం ఇచ్చిన వాక్ స్వాతంత్ర్యం సినిమాకూ వర్తిస్తుందన్నది ఆయన వాదన. అప్పుడు ప్రధానమంత్రి ఇందిరా గాంధీ. అబ్బాస్ నెహ్రూ అభిమాని, ఆ కుటుంబానికి సన్నిహితుడు. 1966లో ఇందిరా గాంధీ జీవితం మీద పుస్తకం కూడా రాశారు. అలాంటి మనిషి ఆమె నడిపే ప్రభుత్వాన్నే ప్రతివాదిగా నిలబెట్టారు. అభిమానం ఒకటి, హక్కు ఒకటి. రెండిటినీ ఆయన కలపలేదు.

విచారణ సమయంలో అనుకోని మలుపు వచ్చింది. ఏ కోతా లేకుండా ‘యు’ సర్టిఫికెట్ ఇచ్చేస్తామని ప్రభుత్వం తరఫున సొలిసిటర్ జనరల్ కోర్టుకు చెప్పారు. అంటే అబ్బాస్ అడిగింది అడిగినట్టు దొరికింది. కేసు వాపసు తీసుకుని ఇంటికెళ్లి సినిమా రిలీజ్ చేసుకోవచ్చు.

ఆయన మాత్రం పిటిషన్‌ను మార్చి, ప్రశ్నను ఇంకా పెద్దది చేశారు. సినిమా విడుదలకు ముందే సెన్సార్ చేయడం అసలు రాజ్యాంగానికి తగినదేనా? తగినదే అయితే, దానికి స్పష్టమైన నియమాలు ఉండొద్దా? బోర్డు ఎన్నాళ్లలో నిర్ణయం చెప్పాలో గడువు ఉండొద్దా? బోర్డు తప్పు చేస్తే మళ్లీ ప్రభుత్వం దగ్గరికే పోయి మొరపెట్టుకోవాలా, లేక స్వతంత్రంగా వినే ట్రిబ్యునల్ ఉండాలా? పేరున్నవాడు, పరిచయాలున్నవాడు కోర్టుకొస్తే ప్రభుత్వం దిగివస్తుంది. రేపు ఏ పేరూ లేని కుర్రవాడు ఏ చిన్న ఊళ్లోనో నిజం తీస్తే అతని గతి ఏమిటి? ఆ కుర్రవాడి కేసు కూడా తన కేసుతో పాటే తేలాలని ఆయన అనుకున్నారు.

ధర్మాసనానికి అధ్యక్షత వహించింది ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ మహమ్మద్ హిదాయతుల్లా. ఆ పదవిలో కూర్చున్న మొదటి ముస్లిం ఆయనే. పిటిషనర్ ముస్లిం, తీర్పు రాసిన జడ్జి ముస్లిం. అయినా అక్కడ తేలాల్సింది ఏ ఒక్క ఖౌమ్ సంగతీ కాదు, దేశంలోని ప్రతి సినిమాకూ వర్తించే సంగతి. తీర్పులో అసలు ప్రశ్న మీద అబ్బాస్ ఓడిపోయారు. బొమ్మ, శబ్దం, కదలిక కలిసి ఉండటం వల్ల సినిమా మనిషి మనసును మిగతా కళల కంటే ఎక్కువగా కదిలిస్తుందని కోర్టు అంది. ముఖ్యంగా పిల్లల విషయంలో జాగ్రత్త అవసరమని, అందుకే ముందస్తు సెన్సార్ చెల్లుతుందని తేల్చింది.

అయితే కోర్టు అక్కడితో ఆగలేదు. అసభ్యత వేరు, జీవితంలోని చేదును కళగా చూపించడం వేరని, సెన్సార్ నియమాల్లో ఈ తేడా కనిపించాలని చెప్పింది. సమాజంలో అందరికంటే బలహీనమైన మనసును కొలతగా పెట్టుకుని మిగతా అందరి కళ్లూ మూయకూడదని చెప్పింది. గడువు, ట్రిబ్యునల్ విషయాల్లో అబ్బాస్ అడిగింది న్యాయమేనని ప్రభుత్వమే ఒప్పుకుంది. 1983లో ఫిల్మ్ సర్టిఫికేషన్ అప్పిలేట్ ట్రిబ్యునల్ ఏర్పడింది. సెన్సార్ బోర్డుతో గొడవపడిన ఎందరో నిర్మాతలు, డాక్యుమెంటరీ తీసేవాళ్లు ఆ తలుపు తట్టారు. 2021 ఏప్రిల్‌లో కేంద్రం దాన్ని రద్దు చేసింది. ఇప్పుడు బోర్డుతో పేచీ వస్తే నేరుగా హైకోర్టుకే పోవాలి. చిన్న సినిమాలు తీసేవాళ్లకు అది ఖర్చుతో కూడిన పని.

ఆ తీర్పు తర్వాత చాలా కేసుల్లో పనికొచ్చింది. విభజన మీద తీసిన ‘తమస్’ సీరియల్‌ను ఆపాలని 1988లో కేసు వేసినప్పుడు, రిజర్వేషన్ల మీద తీసిన తమిళ సినిమా ‘ఒరే ఒరు గ్రామత్తిలే’ కేసు 1989లో తేలినప్పుడు సుప్రీంకోర్టు అబ్బాస్ తీర్పును చూసే మాట్లాడింది. ఆ రెండు సినిమాలూ బతికాయి.

కోర్టులో ఎవరూ అడగని ప్రశ్న

అబ్బాస్‌ను గౌరవిస్తూనే ఒక మాట చెప్పుకోవాలి. ఆ కేసు మొత్తం ప్రేక్షకుడి చుట్టూ తిరిగింది. ఈ దృశ్యం ఎవరు చూడొచ్చు, పిల్లలు చూడొచ్చా, కళా అసభ్యతా అని వాదించారు. తెర మీద కనిపించే మనిషి ఇజ్జత్ సంగతి అక్కడ తేలాల్సిన ప్రశ్నల్లో లేదు. గుమ్మం దగ్గర నిలబడ్డ పేద స్త్రీ, రాళ్లు మోసే కూలీ, వీళ్లను కెమెరాలో పెట్టేటప్పుడు వాళ్ల ఒప్పుదల సంగతేమిటి? ఆ కాలంలో డాక్యుమెంటరీ తీసేవాళ్లు ఈ విషయం అంతగా పట్టించుకోలేదు. ఈ రోజు నిజాయితీగా సినిమా తీయాలనుకునేవాళ్లు మొదట అడగాల్సింది ఇదే. అధికారంలో ఉన్నవాడు దాచిపెట్టిన నిజం బయటపెట్టడం కెమెరా పని. ఏ దిక్కూ లేనివాడి దాపరికం కాపాడటం కూడా కెమెరా పట్టినవాడి బాధ్యతే. పరదా విలువ తెలిసిన కుటుంబాలకు ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇంకో సందేహం కూడా ఉంది. ధనవంతుడి విందు పక్కన కూలీ ఆకలిని పెట్టి చూపించడం డైరెక్టర్ తన అభిప్రాయం రుద్దడం కాదా? అభిప్రాయం లేని డాక్యుమెంటరీ ఉండదు. కెమెరా ఎటు తిప్పాలో నిర్ణయించిన క్షణమే అభిప్రాయం మొదలవుతుంది. తేడా ఎక్కడంటే, అబ్బాస్ తన వైపు ఏదో దాచుకోలేదు. ఏళ్ల తరబడి కాలమ్‌లో రాసిందే తెర మీద చూపించారు. తాను ఏ పక్షం కాదని చెప్పుకుంటూ ఒక పక్షానికి పని చేయడమే అసలు మోసం.

ఈ రోజు ఆ పదహారు నిమిషాలు

మేడ్చల్ హైవే పొడవునా ఈ రోజు గోదాములు, అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి. వాటిని కట్టడానికి వేరే రాష్ట్రాల నుంచి వచ్చిన కూలీలు పక్కనే రేకుల షెడ్లలో ఉంటున్నారు. అబ్బాస్ సినిమా నాలుగు నగరాల్లో హైదరాబాద్ లేదు. ఆ సినిమా తీస్తున్నప్పుడు షామీర్‌పేట, మేడ్చల్ ఇంకా పల్లెటూళ్లే. కానీ ఆ కథ పాతబడలేదని ఈ రోడ్డు మీద పోయే ఎవరికైనా తెలుస్తుంది.

మారిందల్లా కెమెరా. అప్పట్లో సినిమా తీయాలంటే రీలు కావాలి, ల్యాబ్ కావాలి, సర్టిఫికెట్ కావాలి. ఇప్పుడు ఇంటింటా ఫోన్ ఉంది. ఒక గొడవ జరిగితే పది నిమిషాల్లో వీడియో వస్తుంది, గంటలో వెయ్యి మందికి చేరుతుంది. ముందు ఏం జరిగిందో కోసేసి, తర్వాత ఏం జరిగిందో కోసేసి, మధ్యలో ముప్పై సెకన్లు మాత్రం తిరుగుతుంది. ఎక్కడిదో పాత వీడియోకు కొత్త ఊరి పేరు తగిలిస్తారు. అలాంటి ముక్కల వల్ల ఎక్కువగా నష్టపోయేది ఎవరో ముస్లిం కుటుంబాలకు బాగా తెలుసు. మనకు వ్యతిరేకంగా వచ్చిన ముక్కను అబద్ధం అనడం సులువు. మనకు అనుకూలంగా వచ్చిన ముక్కను కూడా ఆపి, ఇది పూర్తి నిజమేనా అని అడగడం కష్టం. ఎవరైనా వార్త తెస్తే ముందు విచారించుకోమని సూరా అల్ హుజురాత్ నేర్పిన పాఠం ఇద్దరికీ ఒకటే.

అబ్బాస్ ఆచారాల మనిషిగా పేరు తెచ్చుకోలేదు. ఆయనది వామపక్ష భావాల దారి. ఆయన అభిప్రాయాలన్నీ అందరికీ నచ్చాల్సిన పని లేదు. ఆయన కాలంలోనూ నచ్చలేదు. కానీ తన సొంత మనుషుల విద్వేషం మీద ‘సర్దార్జీ’ రాయడానికి, తను అభిమానించే నాయకురాలి ప్రభుత్వం మీద కేసు నడపడానికి ఒకే రకం గుండె కావాలి. న్యాయం దగ్గర సొంతవాళ్లు, పరాయివాళ్లు అన్న లెక్క ఆయన పెట్టుకోలేదు.

డెబ్బైకి పైగా పుస్తకాలు రాసి, ఆఖరి వారాల దాకా కాలమ్ నడిపి, 1987 జూన్ 1న అబ్బాస్ బొంబాయిలో కన్నుమూశారు. ఇంకో ఆరు రోజులుంటే డెబ్బై మూడేళ్లు నిండేవి. అప్పటికి చివరి సినిమా ‘ఏక్ ఆద్మీ’ ఇంకా విడుదల కాలేదు. పెద్ద ఆస్తులేమీ మిగల్చలేదు. ఉర్దూ, హిందీ, ఇంగ్లీషుల్లో రాసిన పేజీలు, డబ్బులు రాని కొన్ని మంచి సినిమాలు, ఓడిపోయిన ఒక కేసు మిగిల్చారు. ఆ ఓడిపోయిన కేసులోని వాక్యాలే ఇప్పటికీ సినిమా తీసేవాళ్ల తరఫు వకీళ్లు కోర్టుల్లో చదువుతున్నారు. షామీర్‌పేట క్యాంపస్‌లో లా చదువుతున్న పిల్లల్లో మన ఖౌమ్ పిల్లలూ ఉంటే, ఆ తీర్పులోని పిటిషనర్ ఎవరో ఇంట్లో పెద్దవాళ్లు ఒకసారి చెప్పాలి. అది పాఠ్యపుస్తకంలోని పేరు మాత్రమే కాదని, హాలీ ఇంటి నుంచి వచ్చిన ఒక మనిషి అని.